మూతపడ్డ గనికి భోంగా

మా మనవరాలు నాగపూర్‌లో ఫిలాసఫీ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, వరండాలో చాయ్ తాగుతున్న నన్ను పట్టుకుని, "తాతా, బతుకుకు అర్థం ఏంది?" అని అడిగింది. ఆ పూట చెవిలో మిషన్ పెట్టుకుని ఉన్నాను కనుక ప్రశ్న స్పష్టంగానే వినపడింది. తప్పించుకునే దారి లేకపోయింది.

మా కాలంలో ఎవరైనా ఇలా అడిగారంటే కొట్లాటకు వచ్చారని అర్థం. "నీ బతుకుకు ఏమన్న అర్థముందా?" అని గనిలో మా పైన ఉండే సర్దార్ అడిగేవాడు. ఇంటికొస్తే మా ఆవిడ అడిగేది. ఇద్దరిలో ఒక్కరూ జవాబు కోసం ఆగేవారు కాదు. అలాంటిది ఈ పిల్ల మర్యాదగా అడిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నిజంగానే నా జవాబు కోసం ఎదురుచూస్తుంటే నాకు చెమటలు పట్టాయి.

"నువ్వే చెప్పు బిడ్డా, చదువుకుంటున్నదానివి," అన్నాను.

చెప్పింది. మనిషి పుట్టినప్పటి నుంచి ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉంటాడట. ప్రపంచం ఉలకదట, పలకదట. ఆ అడగడానికీ ఈ పలకకపోవడానికీ మధ్య ఉన్న తమాషాకు అబ్సర్డ్ అని పేరు పెట్టారట. దాని మీద లావు లావు పుస్తకాలున్నాయట. అర్థం లేదని తెలిసి కూడా నవ్వుకుంటూ ఎలా బతకాలో వాటిలో రాసి ఉంటుందట.

"దానికి గన్ని పుస్తకాలెందుకు? మా భోంగా ముచ్చట చాలదా?" అన్నాను.

"ఏం భోంగా తాతా?" అంది. నేను గొంతు సవరించుకునేలోపు ఆమె ఫోన్ మోగింది, లేచి వెళ్లిపోయింది. అందుకని రాస్తున్నాను. ఇందులో ఒక చిక్కుంది. ఈ పిల్ల మరాఠీ బడిలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని ఒక్క అక్షరం చదవలేదు. చదవరాని పిల్ల కోసం రాయడమేమిటని మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీ. నా సర్వీసు చివరి భాగమంతా ఇలాంటి పనే చేశాను. ఆమె వయసు పిల్లలైన మీలో ఎవరికైనా తెలుగు చదవడం వస్తే, మీరు చదివి ఆమెకు వినిపించండి.

మా నాయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి మరాఠీ గడ్డ మీది దుర్గాపూర్ వచ్చినవాడు. నేను కూడా అక్కడే ఒక భూగర్భ గనిలో చేరాను. కొన్నేళ్లు లోపల పనిచేశాక మోకాలు దెబ్బతింటే పైన తేలిక పని ఇచ్చారు. అదే భోంగా పని. భోంగా అంటే సైరన్. పాళీ మారినప్పుడల్లా, అంటే షిఫ్టు మారినప్పుడల్లా, ఇంజన్ గది కప్పు మీదున్న ఆ ఇనుప నోటిని కూయించాలి. గోడకున్న పిడిని కిందికి లాగి పట్టుకుంటే అది ముందు మూలిగేది, తర్వాత ఏడ్చేది, చివరికి ఊరంతా అదిరేలా అరిచేది. దానితోపాటు కాలనీ కుక్కలన్నీ మూతులు పైకెత్తి అందుకునేవి. చెవుల్లో దూది పెట్టుకొమ్మని పెద్దవాళ్లు చెప్పారు. దూది పెట్టుకుంటే నా కూత నాకే సరిగా వినపడదని పెట్టుకోలేదు. ఇప్పుడు దూదికి బదులు మిషన్ పెట్టుకుంటున్నాను.

కొంతకాలానికి గనిలో బొగ్గు అయిపోయింది. మనుషులను ఓపెన్‌కాస్టులకు, అంటే పైనుంచి తవ్వే గనులకు పంపించారు. పట్టాలు పీకారు, టోపీ దీపాలు పట్టుకుపోయారు, లోపలికి దిగే దారికి అడ్డంగా గోడ కట్టారు. ఏమేం ఆపాలో పైనుంచి వచ్చిన హుకుంలో అన్నీ ఉన్నాయి గాని భోంగా మాట లేదు. ఆపమని ఎవరూ అనలేదు కనుక నేను ఆపలేదు. ఎవరూ దిగని గనికి పొద్దున రమ్మని కూయించేవాణ్ని, సాయంత్రం ఇక ఇళ్లకు పొమ్మని కూయించేవాణ్ని. వచ్చేవాడు లేడు, పోయేవాడు లేడు. జీతం మాత్రం వచ్చేది.

అప్పటికి అక్కడ మిగిలింది ఇద్దరమే. నేను, గేటు దగ్గర చౌకీదారు. ఆయన మరాఠీ మనిషి, నాకన్నా కాస్త పెద్ద, మీసాలకు రోజూ నూనె రాసే రకం. నేను చేరిన కొత్తలో గేటు దాటుతుంటే, "కాయ్ భావూ, ఆజ్ కాయ్ ఉద్యోగ్?" అని పలకరించేవాడు, ఏం తమ్ముడూ, ఇవాళేం ఉద్యోగ్ అని. ఉద్యోగమంటే మనకు నౌకరీ కదా. ఎంత గౌరవంగా అడుగుతున్నాడో అనుకుని, నేను నిలబడి ఆ రోజు చెయ్యబోయే పనులన్నీ ఓపిగ్గా వివరించేవాణ్ని. ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు. గని మూసినాక పలకరింపు మారింది. భోంగా కూయించి వస్తుంటే చాలు, "నస్తే ఉద్యోగ్" అనేవాడు. నస్తే అంటే లేని, అని నాకు తెలుసు. లేని ఉద్యోగం. ఉన్నమాటే అన్నాడు కదా అని నేను తలూపి వెళ్లిపోయేవాణ్ని.

ఒక రోజు ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. కూరగాయల బేరాలు ఆడీ ఆడీ ఆమెకు మరాఠీ నాకన్నా బాగా వచ్చింది.

"ఏందయ్యా గింత అమాయకునివి? ఆళ్ల భాషల ఉద్యోగ్ అంటే కోతిచేష్టలు గూడ. నస్తే ఉద్యోగ్ అంటే ఎవ్వలడగని పనికిమాలిన పని. ఇన్నేండ్ల సంది ఆయన, ఇయ్యాల ఏం కోతిపని పెట్టుకున్నవ్ అని అడుగుతుంటే, నువ్వు నిలవడి ఒక్కొక్కటి చెప్తున్నవా?"

మర్నాడు చౌకీదారును నిలదీశాను. ఇన్నేళ్లూ నన్ను ఎగతాళి చేశావా, నాది నౌకరీ, కోతిచేష్ట కాదు అన్నాను. ఆయన తొణకలేదు. "ఫరక్ కాయ్ ఆహే?" అన్నాడు, తేడా ఏముంది అని. ఆయన పొగాకు నలిపి నాకూ కొంచెం పెట్టాడు. ఆ విషయం అక్కడితో వదిలేశాం.

అలా ఇద్దరం సుఖంగా ఉండగా కొత్త మేనేజర్ వచ్చాడు. మూసిన గనికైనా మేనేజర్ ఉండాలని నియమమట. కోస్తా వైపు కుర్రవాడు, పెద్ద కాలేజీలో మైనింగ్ చదివాడు, ఇంకా పెళ్లి కాలేదు. అంత పెద్ద బంగళాలో ఒక్కడే ఉండేవాడు. గీర లేదు, అందరినీ మీరు అనేవాడు. కాకపోతే ఆయన నోట్లో ఎందుకు అనే మాట ఎక్కువ. వచ్చిన మొదటి రోజే భోంగా విని, ఏదో ప్రమాదం జరిగిందనుకుని ఇంజన్ గదికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ? ఎందుకు మోగించారు?"

"పాళీ మారింది సార్."

"ఏ పాళీ అండీ?"

"పొద్దుగాల పాళీ సార్."

"మనుషులేరి?"

"లేరు సార్."

"మరి ఎవరి కోసం మోగించినట్టు?"

నేను గోడ వైపు చూశాను. చౌకీదారు ఇదే మాట ఎగతాళిగా అనేవాడు, అది వేరు. ఈ కుర్రవాడు నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నాడు. "ఊరి కోసం సార్. దీన్ని బట్టే పొయ్యి అంటుకుంటది, పోరలు బడికి పోతరు, పాలాయన వస్తడు," అన్నాను. అది నిజమో కాదో నాకే తెలియదు గాని చెబుతుంటే బాగా అనిపించింది.

"అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదండీ," అన్నాడు. మళ్లీ తనే, "సరే, చూద్దాం. ఒక వారం మోగించకండి. ఊళ్లో ఒక్కరైనా వచ్చి, ఏమైంది, ఎందుకు మోగట్లేదు అని అడిగితే మళ్లీ మొదలుపెడదాం. ఎవరూ అడగకపోతే దీని అవసరం లేనట్టే. మిమ్మల్ని ఓపెన్‌కాస్టుకు మారుస్తాను. ఒక్కటే షరతు, మీరు ఎవరితోనూ అనకూడదు," అన్నాడు.

ఓపెన్‌కాస్టు అంటే ఎక్కడో భద్రావతి ఊరు దాటి అవతల. నా మోకాలితో అక్కడ ఇచ్చే పని డంపర్లకు జెండా ఊపడం. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, మా ఆవిడ పెంచుకున్న మల్లెపందిరి వదలాలి, రిటైరయ్యే ముందు దుమ్ములో నిలబడి వచ్చేపోయే లారీలకు ఎర్రగుడ్డ చూపించాలి. అది భయమే. కాని ఉన్నమాట చెప్పాలంటే, జెండా కన్నా ఆయన ప్రశ్నే నన్ను ఎక్కువ గుచ్చింది. ఒక్కరైనా అడుగుతారా? ఇన్నాళ్లు నేను కూయించింది ఒక్కరి చెవినైనా పడిందా?

మొదటి పొద్దున పిడి ముందు కూర్చున్నాను. వేళయింది. చేతులు వాటంతటవే పైకి లేస్తుంటే తొడల కింద పెట్టుకుని అణిచాను. వేళ దాటిపోయింది. బయట ఏమీ జరగలేదు. గేటు దగ్గర చౌకీదారు కుర్చీలో నిద్రపోతూనే ఉన్నాడు.

ఎవరితోనూ అనకూడదన్నాడు గాని బజారులో తిరగకూడదని అనలేదు. చాయ్ దుకాణం ముందు నిలబడి, గడియారం లేని చేతిని పదే పదే చూసుకున్నాను. దుకాణం ఆయన కరీంనగర్ వైపు మనిషి. "ఏందే, చెయ్యి బెణికిందా?" అన్నాడు.

"లేదు. ఇయ్యాల పొద్దు ఎట్లనో అనిపిస్తలేదా నీకు?"

"అవ్, మస్తు ఉక్కపోస్తుంది," అన్నాడు.

అంతకన్నా దగ్గరికి ఎలా తీసుకురావాలో నాకు తెలియలేదు. మర్నాడు పాలాయనను పట్టుకుని, సకాళీ కాహీ ఐకలా కా, పొద్దున ఏమన్నా విన్నావా అని మరాఠీలో అడిగాను. ఆయన పాలు పోస్తూ తల ఎత్తకుండానే, "హో, భోంగా వాజ్‌లా నా," అన్నాడు. భోంగా మోగింది కదా అని.

"మోగిందా?"

రోజూలాగే మోగింది, దానితోనే కదా సైకిల్ ఎక్కాను అన్నాడు. నేను గిన్నె పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాను. "నువ్వు పొద్దుగాల భోంగా ఇన్నవా?" అని మా ఆవిడను అడిగాను.

"ఇనకపోవుడేంది? దాంతోనే లేసి పొయ్యి ముట్టిచ్చిన," అంది.

నా కొంప ఎలా మునిగిందో అప్పుడు తెలిసింది. ఎవరూ వచ్చి అడగరు. ఆగిందని తెలిస్తేనే కదా అడిగేది. విని విని వాళ్ల చెవులకు ఎంత అలవాటైపోయిందంటే, నేను కూయించినా మానినా ఆ వేళకు వాళ్లకు వినపడుతోంది. కూయించినన్నాళ్లు ఒక్కరూ పట్టించుకోలేదు. మానేస్తే అందరూ విన్నామంటున్నారు. నా పని నేను లేకుండా కూడా జరిగిపోయేంత బాగా చేశాను, అందుకే నా పని పోతోంది. ఇది చెప్పుకుని ఏడుద్దామన్నా షరతు అడ్డం.

రోజులు గడిచేకొద్దీ నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ గమనించి, "మొకం గట్ల ఏలాడేసినవేంది?" అని అడిగింది. నాకు తెలియకుండానే, "నా బతుకుకు ఏమన్న అర్థముందంటవా?" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, "నేను పెండ్లయిన కాణ్నుంచి గదే అడుగుతున్న. నీకియ్యాల ఇనపడ్డదా?" అని వంటింట్లోకి పోయింది.

వారం ముగియడానికి ముందు రోజు మేనేజర్ సాహెబు నన్ను ఆఫీసుకు పిలిచి, ఎవరైనా అడిగారా అన్నాడు. లేదు సార్ అన్నాను. ఆయన బల్ల మీద టిఫిన్ క్యారియర్ మూత తియ్యకుండా అలాగే ఉంది. బల్ల మీద ఇంకేమీ లేదు. సంతకం పెట్టాల్సిన కాగితం కూడా లేదు. పాపం, ఆ కుర్చీలో కూర్చుని ఈయన రోజంతా ఏం చేస్తాడు అనిపించింది. అనిపించిన మాట అనిపించినట్టే నోట్లోంచి ఊడిపడింది.

"సార్, ఒక్క మాట, ఏమనుకోకుండ్రి. మూతపడ్డ గనికి భోంగా ఎందుకన్నరు. మరి మూతపడ్డ గనికి మేనేజర్ ఎందుకు సార్?"

ఆయన ముఖం పాలిపోయింది. కోప్పడితే బాగుండేది. "వెళ్లండి," అన్నాడు, అంతే. ఆ రాత్రి మా ఆవిడతో మల్లెపందిరి ఎవరికి అప్పగిద్దామని మాట కదిపాను. ఎందుకని అడిగితే ఊరికేనన్నాను.

చివరి రోజు బాగా పొద్దెక్కాక పిలుపు వచ్చింది. సాహెబు నన్ను చూడకుండా, కిటికీ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "చూడండి, నేనేదో మీ మీద కోపంతో చేస్తున్నానని అనుకోకండి. వారమైంది, ఒక్కరూ రాలేదు," అంటుండగా బయట వరండాలో పెద్ద గొంతు లేచింది. దాని వెనుక కుక్కల గోల.

"భోంగా ఎవడు బంద్ జేసిండు?"

వచ్చింది బారూద్ మామ. ఆయన ఎవరో చెప్పాలి. మా గనిలో మందు కూరి బొగ్గు పేల్చేవాడు, అందుకే అందరూ బారూద్ మామ అనేవాళ్లం. పేల్చి పేల్చి చెవులు రెండూ గనిలోనే వదిలిపెట్టి రిటైరయ్యాడు. పక్కన లారీ టైరు పగిలినా తల తిప్పడు. పెళ్లాం పోయింది, కూతుళ్లు అత్తగారిళ్లలో ఉన్నారు. కాలనీ చివర ఒక్క గదిలో ఉండేవాడు. కాలనీ కుక్కలన్నీ ఆయనవే. మన మాటను పెదవులు చూసి పట్టుకునేవాడు. పట్టుకున్నాననుకునేవాడు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

నేను గోడ పట్టుకున్నాను. చెవులున్న ఊరు ఊరంతా భోంగా మోగిందంటుంటే, మోగలేదని కనిపెట్టినవాడు ఈ చెవిటి మామ ఒక్కడు.

సాహెబు లేచి నిలబడ్డాడు. "మీకు వినపడదు కదండీ? మోగట్లేదని ఎలా తెలిసింది?"

మామ ఆయన పెదవుల వైపు చూసి, "కూసుంట, కూసుంట," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అడిగిన దానికి కాకపోయినా, చెప్పదలచుకున్నది చెప్పాడు.

"నాకు ఇనవడది సారు. నా కుక్కలకు ఇనవడ్తది. భోంగా కూస్తే అవి మూతులు లేపి ఒర్లుతయ్. అవి మూతులు లేపితే నేను రొట్టె ఇరుస్త. వాటికిన్ని, నాకిన్ని. గదీ మా కాయిదా. వారం సంది ఒక్కటి మూతి లేపుతలేదు. ఎప్పుడు వడితె అప్పుడొచ్చి రొట్టె అడుగుతున్నయ్, ఎప్పుడు పెట్టాల్నో నాకు సమజైతలేదు. కుక్కలు కరాబైతున్నయ్ సారు."

సాహెబు నా వైపు చూశాడు. నేను గుమ్మంలో తోక ఊపుతున్న కుక్కల వైపు చూశాను. ఒక్క మనిషి వచ్చి అడిగితే చాలన్నాడు. మనిషి వచ్చాడు, అడిగాడు. చెవిటివాళ్లు రాకూడదనే షరతు ఎక్కడా లేదు.

కాని ఆయన చదువుకున్నవాడు, ఊరికే ఒప్పుకోలేడు. "కుక్కలకు రొట్టె వేళ చెప్పడానికి కంపెనీ సైరన్ మోగించాలా? దీనికేమైనా అర్థం ఉందా?" అని నన్ను అడిగాడు. నేను మామను చూపించాను. ఆయన బల్ల మీద వంగి, మామ ముఖానికి ముఖం పెట్టి, నోరంతా తెరిచి నిదానంగా అడిగాడు.

"అర్థం ఏంటి?"

మీరు కావాలంటే అద్దం ముందు నిలబడి చూసుకోండి. అర్థం అన్నా, అన్నం అన్నా, పెదవులు ఒకేలా తెరుచుకుని ఒకేలా మూసుకుంటాయి. పైగా మన దగ్గర ఎదురుపడ్డ మనిషి మొదట అడిగేది ఏ మాటో మీకు తెలుసు కదా.

"తిన్న సారు," అన్నాడు మామ. "జొన్నరొట్టె, వంకాయ కూర."

"అన్నం కాదండీ, అర్థం."

"అవ్ అవ్, అన్నం కాదు, రొట్టెనే. పొద్దుగాల నేను అన్నం ముట్ట. మీరు తిన్నరా?"

సాహెబు మళ్లీ అర్థం అనబోయి నోరు తెరిచి, తెరిచినట్టే ఆగాడు. బల్ల మీది క్యారియర్ వైపు చూశాడు. దాని మూత ఆ రోజు కూడా తియ్యలేదు. నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. మామకు ఆ రోజు సరిగ్గా అర్థమైన జవాబు అదొక్కటే.

"తినలేదా? గింత పొద్దెక్కినంక తినకుంటే ఎట్ల బిడ్డా? లే, నడు," అన్నాడు. సారు పోయి బిడ్డ వచ్చాడు. చెయ్యి పట్టుకుని లేపాడు. సాహెబు వద్దని ఏదో అన్నాడు గాని వద్దన్న మాట మామకు ఎలాగూ వినపడదు. ముందు మామ, ఆయన చేతిలో సాహెబు, వెనుక కుక్కలు, వాటి వెనుక కుంటుకుంటూ నేను. గేటు దగ్గర చౌకీదారు కునుకు మధ్యలో కన్ను తెరిచి చూసి, కల అనుకున్నాడేమో, మళ్లీ మూసుకున్నాడు.

మామ గదిలో ఒక మంచం, ఒక పొయ్యి. సాహెబును మంచం మీద కూర్చోబెట్టి రొట్టె, వంకాయ కూర పెట్టాడు. ఆయన మొహమాటంగా మొదలుపెట్టి, రెండో రొట్టెకు మోచేయి దాకా దిగాడు. ఇక్కడికి వచ్చాక తిన్నావా అని అడిగినవాళ్లు లేరని తర్వాత ఒకసారి నాతో అన్నాడు. వచ్చినవాళ్లంతా, సాహెబు ఉన్నారా, సంతకం పెడతారా అనే అడిగారట.

గుమ్మం ముందు కుక్కలు వరుసగా కూర్చున్నాయి. మామ చేతిలో రొట్టె పట్టుకుని వాటి వైపు చూశాడు. అవి మామ వైపు చూశాయి. ఒక్కటీ మూతి లేపలేదు.

"సూసినవా? ఇట్లుంటె ఎట్ల పెట్టాలె?" అన్నాడు మామ, నిజంగానే దిగులుగా. కాయిదా అంటే నియమం, అది తప్పి పెట్టడానికి ఆయనకు చేతులు రావడం లేదు. కుక్కల నాలుకలు వేలాడుతున్నాయి. సాహెబు నములుతున్నవాడు ఆపాడు. కుక్కల్ని చూశాడు, మామను చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"వెళ్లి మోగించండి," అన్నాడు.

"ఇది పాళీ మారే వేళ కాదు సార్."

"ఏ పాళీ అండీ?" అని నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

మోకాలు సంగతి మరిచి పరుగెత్తాను. పిడి లాగి, వారం రోజుల బాకీ అంతా ఒకేసారి తీర్చాను. భోంగా మూలిగింది, ఏడ్చింది, అరిచింది. కాలనీ కుక్కలన్నీ అందుకున్నాయి. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, ఎందుకో అడగొద్దు.

మామ రొట్టె విరిచాడని సాహెబు తర్వాత చెప్పాడు. ఊళ్లో మాత్రం గందరగోళమైంది. మోగని భోంగాను వారమంతా విన్న జనం, వేళగాని వేళ మోగిన భోంగాను కూడా నమ్మారు. చాయ్ దుకాణం ఆయన పొయ్యి ఆర్పి గిన్నెలు కడిగేశాడు. మా ఆవిడ మాపటి బియ్యం ఎసట్లో పోసేసింది. పాలాయన అప్పుడే మధ్యాహ్నం కునుకు తీసినవాడు, లేచి ఖాళీ క్యాన్లతో మా ఇంటి దాకా వచ్చాడు. చౌకీదారు డ్యూటీ దిగిపోయానని డబ్బా సంకలో పెట్టుకుని ఇంటికి పోతూ, నడినెత్తిన ఉన్న సూర్యుణ్ని చూసి వెనక్కి వచ్చాడు. ఇంజన్ గది కిటికీ దగ్గర నిలబడి, మీసాలు అదురుతుండగా అరిచాడు.

"నస్తే ఉద్యోగ్."

"హో భావూ, నస్తే ఉద్యోగ్," అన్నాను. అప్పటికి నాకు దాని అర్థం పూర్తిగా తెలుసు. ఆయన నా ముఖం చూసి, తిట్టడం ఆపి, పొగాకు తీశాడు.

ఆ సాయంత్రం ఆఫీసు ముందు జనం నిలబడ్డారు. భోంగా తప్పు వేళకు ఎందుకు మోగిందని అడగడానికి. సాహెబు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి ఫిర్యాదులు విన్నాడు. ఆ బల్ల ముందు అంతమందిని చూడటం ఆయనకు అదే మొదటిసారి.

నేను జెండా పట్టుకోలేదు. రిటైరయ్యేదాకా భోంగా దగ్గరే ఉన్నాను. పైవాళ్లు ఎప్పుడైనా ఎందుకు మోగిస్తున్నారని అడిగితే సాహెబు ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆయన మధ్యాహ్నాలు మామ గదిలో రొట్టె తినేవాడు, బదిలీ అయ్యేదాకా. ఎందుకు అనే మాట ఆయన మానలేదు. కాకపోతే తిన్నాక అడిగేవాడు. అప్పుడు ఆ మాట అంత గుచ్చుకునేది కాదు.

మామ ఇప్పుడు లేడు. నా తర్వాత భోంగాకు టైమర్ బిగించారు. మనుషులు లేని గనికి మనిషి లేకుండానే మోగుతోంది. నేను కాలనీ పక్కనే చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. మిషన్ పెట్టుకోకపోతే భోంగా నాకు వినపడదు. మామ కుక్కల సంతానం మా వీధిలోనే తిరుగుతుంది. అవి మూతులు లేపితే తెలుస్తుంది.

ఇంతవరకు రాసి కళ్లజోడు తీశాను. మిషన్ సొరుగులో ఉంది. మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుని, చదవరాని ఈ కాగితాలు అటూ ఇటూ తిరగేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి ఏదో అడిగింది. పెదవులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అర్థం గురించే అయి ఉంటుంది, ఈ పిల్లకు వేరే ధ్యాస లేదు.

"తిన్న బిడ్డా," అన్నాను. "నువ్వు తిన్నవా?"

ఆమె నవ్వబోయి ఆగింది. తల అడ్డంగా ఊపింది. అప్పుడే గుమ్మం అవతల కుక్కలు మూతులు పైకెత్తాయి. నేను లేచి వెళ్లి రొట్టె విరిచాను.